వెనక నడిచే గైడుకు మూడేళ్ల అనుభవం

ఎస్.ఆర్. నగర్,
మే 4

సనత్‌నగర్ సంచుల కార్ఖానాలో భుజం పట్టీలకు ఏకైక చక్రవర్తి, నా నంబరును ఫోన్‌లో, వాట్సాప్‌లో, చివరికి డబ్బులు పంపే యాప్‌లో కూడా బ్లాక్ చేసిన మహానుభావుడు, ప్రియమైన జుబేర్ భాయ్‌కి,

ముందుగా క్షమాపణ. చిన్నా చితకా క్షమాపణ కాదు, రాతి మీద చెక్కించి చౌరస్తాలో నిలబెట్టదగ్గ క్షమాపణ. ఈ ఉత్తరం నీ అమూల్యమైన సమయాన్ని హరించబోతున్నందుకు, నా చేతిరాతను డాక్టరు చీటీ అనుకుని నువ్వు మందుల షాపుకు పరుగెత్తే ప్రమాదం ఉన్నందుకు, కాగితం వెనకవైపు మా ఇన్‌స్టిట్యూట్ జావా నోట్సు అచ్చయి ఉన్నందుకు, పదో తరగతి పరీక్షలో రాసిన సెలవు చీటీ తర్వాత నేను రాస్తున్న మొదటి ఉత్తరం ఇదే అయినందుకు సాష్టాంగపడి మన్నింపు వేడుకుంటున్నాను. వీటిలో ఒక్కదానికి కూడా నేను నిజంగా బాధపడటం లేదని సవినయంగా మనవి చేసుకుంటున్నాను.

అసలు విషయం ఒక్క ముక్క. నువ్వు ఆ కొండలకు పోవద్దు.

ఇక్కడే నువ్వు కాగితం నలిపి పారేస్తావని తెలుసు. అందుకే ఫౌజియాకు చెప్పాను, నువ్వు చదివేదాకా ఎదురుగా నిలబడమని. మా ఇన్‌స్టిట్యూట్లో డేటా క్లాసుకు వచ్చే నీ చెల్లెలు ఇప్పుడు నాకు తపాలా శాఖ. పాపం, "మీరిద్దరు లడాయి పెట్టుకుంటే నేను పోస్ట్‌మ్యాన్ అయితిని అన్నా" అంది.

మొదటినుంచీ చెప్తాను. కోపంలో ఉన్నవాడికి తెలిసిన కథే మళ్లీ చెప్పాలి, సగం దారిలో చల్లబడతాడు. పోయిన ఏడాది నీ ఓనరు అచ్యుతరావుగారు ఒక ఫొటో చూపించాడు గుర్తుందా. ఎవరో కస్టమరు పంపింది. ఎక్కడో పదిహేడు వేల అడుగుల ఎత్తున మంచులో ఒక సంచి కూర్చుని ఉంది. నువ్వు ఫోన్ లాక్కుని పట్టీ చివర పెద్దది చేసి చూశావు. "అరె అభీ, గిది నా కుట్టు రా. చివరికి నేనే గిట్ల రెండుసార్లు మలుపుత. నా కుట్టు మంచుల పోయి కూసున్నది, నేను బాలానగర్ దాటలే" అన్నావు. నవ్వుతూనే అన్నావు. ఆ నవ్వు చూసి నాకు ఆ రోజు తిన్న బిర్యానీ అరగలేదు.

అప్పుడు మొదలైంది మన మహాయాత్ర ప్రణాళిక. హిమాచల్‌లో ఏడు రోజులు, మూడు శిఖరాలు, సంచి వీపున వేసుకుని ఒకదాని మీది నుంచి ఇంకోదాని మీదికి. పంజాగుట్టలో బట్టల షాపు పైన మూడో అంతస్తులో ఉన్న ఆ ట్రెక్కింగ్ వాళ్ల ఆఫీసుకు ఎన్నిసార్లు పోయామో! చంద్రిక మేడం గోడకున్న మ్యాపు మీద వేలు పెట్టి చూపిస్తుంటే నువ్వు నమాజులో నిలబడ్డట్టు నిలబడేవాడివి. ఫారం ఇచ్చారు. అందులో ఒక గడి: పన్నెండు వేల అడుగులకు పైన ఇంతకుముందు చేసిన ట్రెక్కులు. అవి లేకపోతే ఈ బ్యాచీలో చేర్చుకోరు.

మన అనుభవం గోల్కొండ మెట్లు. మౌలాలి గుట్ట ఒకసారి, అదీ నువ్వు ఎక్కావు, నేను కింద చెప్పులకు కాపలా ఉన్నాను.

కానీ నా వృత్తి ఏమిటి? అమీర్‌పేటలో ప్లేస్‌మెంట్ డెస్కు. నిన్ననే బస్సు దిగిన పిల్లాడిని కుర్చీలో కూర్చోబెట్టి, టీ చల్లారేలోపు బయోడేటాలోనే బెంగళూరులో మూడేళ్లు ఉద్యోగం చేయించి, మేనేజరుతో మెచ్చుకోలు కూడా ఇప్పించి పంపిస్తాను. గడి కనబడితే నా చేతివేళ్లు ఊరుకోవు. నాకు రెండు ట్రెక్కులు రాసుకున్నాను. నీకు రాసేటప్పుడు, ఆ రోజు మీ అమ్మీ పంపిన ఖుబానీ కా మీఠా తిని ఉన్నాను, ప్రేమ పొంగింది. మూడేళ్లలో నాలుగు ట్రెక్కులు, అందులో రెండింట్లో వెనక నడిచే గైడు. ఎక్కడైనా ఎవరైనా కళ్లు తిరిగి పడితే చూసుకునేవాడు, అందరికన్నా చివర నడిచేవాడు. నువ్వు చూసి, "గిది తప్పు కాదారా" అన్నావు. "అమీర్‌పేటలో దీన్ని తప్పు అనరు, టైలరింగ్ అంటారు, నీకు తెలిసిన విద్యే" అన్నాను. నువ్వు నవ్వావు.

ఆ తర్వాత వాళ్ల వెనక గైడు కాలు విరగ్గొట్టుకున్నాడు. చంద్రిక మేడం ఫారాలు తిరగేసి నీకే ఫోన్ చేసింది. ఒక్క ట్రెక్కే చేసినవాళ్లు అయిదుగురున్నారు, మీ అనుభవం మాకు కావాలి, చివర మీరు నడుస్తారా అని. నువ్వు నా మొహం చూసి, గోడ మీది క్యాలెండరు చూసి, "నడుస్త మేడం" అన్నావు.

అయినా నేను అప్పుడు భయపడలేదు. భయం ఎక్కడ పట్టిందో చెప్తాను. అమీర్‌పేట మెట్రో మెట్ల మీద. సంచుల్లో పన్నెండు కిలోల జెరాక్స్ నోట్సు నింపుకుని మనం ఎక్కుతూ దిగుతుంటే, ఆ సెక్యూరిటీ రాజనర్సయ్య, "ఎస్కలేటర్ ఉన్నది కదా బిడ్డా, ఎందుకు పరేషాన్ అయితుండ్రు?" అనేవాడు. ఆ ఆదివారం బ్యాచీలోని కొత్త జంట, విక్రమ్, మంజూష కూడా వచ్చారు, గైడుతో కలిసి ప్రాక్టీసు చేస్తామని. పన్నెండోసారి ఎక్కాక విక్రమ్ చెమటలు కారుతూ పైమెట్టు మీద కూలబడ్డాడు. పెదవులు తెల్లబడ్డాయి. మంజూష నీ చెయ్యి పట్టుకుని, "అన్నా, ఏం చెయ్యాలన్నా?" అంది. నువ్వు నన్ను చూశావు. నేను టికెట్ల మిషన్ను చూశాను. రాజనర్సయ్య వచ్చి, "నీళ్లు తర్వాత, ముందుగాల పండబెట్టుండ్రి, బెల్టు తియ్యుండ్రి, కాళ్లు మీదికి లేపుండ్రి" అని తనే అన్నీ చేశాడు.

అది కాదు నన్ను చంపింది. అయిదు నిమిషాలకు లేచి కూర్చుని విక్రమ్ నీతో, "మీరు పక్కన ఉన్నారు కాబట్టి ధైర్యంగా ఉందన్నా" అన్నాడు. నువ్వు తల ఊపావు.

అక్కడ రాజనర్సయ్య ఉండడు జుబేర్. అందరికన్నా వెనక నువ్వొక్కడివే ఉంటావు. నీ వెనక మంచు.

పంజాగుట్ట హోటల్లో అదే చెప్పాను. నువ్వు టీ సాసరు పక్కకు తోసి, "నువ్వే రాసినవ్ కద. రాసినంక నిజం చేసుకునుడే. మీ పోరగాండ్లు నౌకరీల చేరి నేర్చుకుంటలేరా?" అన్నావు. "వాళ్లు తప్పు చేస్తే స్క్రీను మీద ఎర్ర గీత వస్తది రా, ఇక్కడ మనిషి పోతడు" అన్నాను. అప్పుడు నువ్వన్న మాట ఇంకా నా చెవిలో ఉంది. "నీకు నా మీద భరోసా లేదు. జిందగీ మొత్తం నేను పట్టీలే కుట్టాలె, నువ్వు జోకులే కొట్టాలె, గంతే కదా."

గంతే కాదు. వెళ్లి నిజం చెప్పు, లేదా కడుపునొప్పని చెప్పు. బ్యాచీ ఇరవై నాలుగున బయలుదేరుతోంది. దయచేసి.

చక్రవర్తిగారి పాదధూళి,
అభిలాష్


ఎస్.ఆర్. నగర్,
మే 11

ఉత్తరాలు చదివి జవాబివ్వని కఠిన హృదయుడు జుబేర్ భాయ్‌కి,

మొదటి ఉత్తరం గతి ఫౌజియా చెప్పింది. రెండుసార్లు చదివావట. తర్వాత నాలుగు మడతలు పెట్టి, ఇంట్లో ఊగుతున్న కుట్టుమిషన్ కాలు కింద పెట్టావట. మిషన్ ఇప్పుడు ఊగటం లేదట. నా రాతలు ఎవరికైనా ఉపయోగపడటం ఇదే మొదలు.

మిగతా సంగతులు కూడా చెప్పింది. వీడియోలు చూసి తాళ్ల ముళ్లు నేర్చుకుంటున్నావు. దెబ్బ తగిలినవాళ్లను మోసే పద్ధతి అంటూ అమ్మీ దుపట్టాలతో ఫౌజియాను ఇస్త్రీ బల్లకు కట్టేసి గది అంతా తిప్పావు. "ఖతం అయిన అన్నా, మెడ ఒకదిక్కు, కాళ్లు ఒకదిక్కు. మా భయ్యా మాత్రం పేషెంట్ మాట్లాడొద్దు అంటుండు" అని చెప్పింది. నేను పడి పడి నవ్వాను. ఆమె పోయాక నవ్వు ఆగింది. నువ్వు ఆటగా తీసుకుని ఉంటే నాకింత భయముండేది కాదు. నువ్వు నిజంగా నేర్చుకుంటున్నావు. పదమూడు రోజుల్లో మూడేళ్లు నేర్చుకోవాలని చూస్తున్నావు. అది నేను రాసిన మూడేళ్లు.

జుబేర్, నాకు ఇప్పుడు పని చేయాలంటే భయమేస్తోంది. నిన్న ఒక అమ్మాయి వచ్చింది, మెదక్ దిక్కు నుంచి. "సర్, హాస్పిటల్ సాఫ్ట్‌వేర్‌లో రెండేళ్లు పెట్టండి, ఆ ఉద్యోగమే ఉంది" అంది. హాస్పిటల్ అని టైపు చేశాక వేలు ఆగిపోయింది. ఆ సాఫ్ట్‌వేర్‌లో మందుల మోతాదులు ఉంటాయా అని అడిగాను. ఆ పిల్ల నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. నాలుగేళ్లలో ఎంతమందికి అనుభవం రాశానో లెక్క లేదు. వాళ్లు వెళ్లి ఏం చేశారో, ఎవరు ఎవరి మీద ఆధారపడ్డారో ఒక్కరోజు కూడా ఆలోచించలేదు. నవ్వుకుంటూ రాశాను.

ఇంకో సంగతి. మొన్న పంజాగుట్ట పోయాను. చెప్పేద్దామనే మూడంతస్తులు ఎక్కాను. చంద్రిక మేడం నన్ను చూడగానే కూర్చోబెట్టి టీ ఇచ్చింది. "మీ ఫ్రెండు లాంటి మనిషి దొరకడం మా అదృష్టమండీ. విక్రమ్‌వాళ్లు మానేద్దామనుకున్నారు, జుబేర్‌గారు ఉన్నారని ఆగారు" అంది. నేను టీ తాగాను. కప్పు ఖాళీ అయ్యాక కూడా తాగాను. "టీ బాగుంది మేడం" అని చెప్పి దిగి వచ్చేశాను.

నా వల్ల కాలేదు. నీ పేరు చెప్పి, ఆయనకు ఏమీ రాదు అనే వాక్యం నా నోట్లోంచి రాలేదు. ఇంటర్‌లో మా నాన్న పోయిన ఏడాది, నేను కాలేజీకి రాకపోతే, రోజూ మా గది గుమ్మంలో టిఫిన్ డబ్బా పెట్టి, తలుపు కొట్టకుండా పోయినవాడివి నువ్వు. ఎవరు పెడుతున్నారో కనుక్కోవడానికి నాకు వారం పట్టింది. అడిగితే, "పిల్లి తెచ్చిందేమో" అన్నావు. అలాంటివాణ్ణి ఎలా అప్పజెప్పాలి?

అందుకే నువ్వే వెళ్లి చెప్పు. నువ్వు చెబితే అది నీ మర్యాద, ఇంకొకరు చెబితే చాడీ. తప్పంతా నా మీద వెయ్యి: అభిలాష్ అనే వెధవ రాశాడు, నాకు ఫారం నింపడం రాదు అని చెప్పు. నేనే పక్కన నిలబడి అవునంటాను. శుక్రవారం దాకా చూస్తాను. ఆ తర్వాత నా మీద నాకే నమ్మకం లేదు.

నీ కుట్టుమిషన్ కాలి కిందివాడు,
అభిలాష్


అమీర్‌పేట,
మే 19

జుబేర్,

ఈ ఉత్తరం ఫౌజియా తేలేదు. అచ్యుతరావుగారికి ఇస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు.

ఫౌజియా ఈ రోజు క్లాసుకు వచ్చింది, కానీ లోపలికి పోలేదు. మెట్ల దగ్గర నిలబడి నాకోసం చూస్తోంది. నిన్ను ఆదివారం ఫోన్ చేసి తీసేశారని, ఫారంలో అబద్ధాలు రాసినవాడని నీ పేరు తక్కిన ట్రెక్కింగ్ వాళ్లందరికీ పంపారని, ఇక ఏ బ్యాచీలోనూ చేర్చుకోరని చెప్పింది. అవన్నీ నాకు తెలుసు. నాకు తెలియనిది, ఆ ఫోన్ పెట్టేశాక నువ్వు ఆమెను పట్టుకుని, "నువ్వే చెప్పినవ్. ఇంట్ల నీకు తప్ప ఎవరికి తెల్సు?" అన్నావని. అప్పటినుంచి మాట్లాడటం లేదని. ఆమె వడ్డిస్తే తినడం లేదని. అమ్మీ మధ్యలో కూర్చుని ఇద్దరికీ విడివిడిగా ఏడుస్తోందని.

"నేను చెప్పలేదన్నా. ఖుదా కసమ్. గా మేడం నంబరు సుత నా దగ్గర లేదు. ఎవరు చెప్పిండ్రో ఏమో" అంది ఫౌజియా. నేనేమన్నానో తెలుసా? "కనుక్కుందాంలే" అన్నాను. కళ్లు తుడుచుకుని, "మీరొక్కరే భయ్యాకు మంచిగ చెప్పగలరు" అంది.

మధ్యాహ్నం మీ కార్ఖానాకు వచ్చాను. నువ్వు భోజనానికి పోయావు. అచ్యుతరావుగారు నన్ను పక్కకు పిలిచి, "ఏంటండీ మీవాడు? పట్టీలు నేను కుట్టను, జిప్పుల దగ్గర కూర్చోబెట్టండి అంటున్నాడు. పన్నెండేళ్లు కుట్టిన చెయ్యండీ అది. ఏం జరిగింది?" అన్నాడు. నీ మిషన్ చూశాను. మీద గుడ్డ కప్పి ఉంది.

ఇక జోకులు లేవు. వెతికాను, దొరకలేదు.

చెప్పింది ఫౌజియా కాదు. నేను. శుక్రవారం దాకా చూశాను, నువ్వు పోలేదు. శనివారం పొద్దున పది గంటలకు పంజాగుట్ట మూడో అంతస్తు ఎక్కి, టీ వద్దని చెప్పి, నిలబడే చెప్పాను. జుబేర్ జీవితంలో కొండెక్కలేదు, మంచు ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు, ఆ అయిదుగురినీ అతని చేతిలో పెట్టొద్దు అని. ఆమె పెన్ను కింద పెట్టింది. "ఆరు ప్రాణాలండీ" అంది. నిన్ను కూడా లెక్కపెట్టి ఆరు.

ఇంతవరకు నేను సిగ్గుపడటం లేదు. మళ్లీ ఆ శనివారం వస్తే మళ్లీ ఎక్కుతాను. దీనికి నువ్వు కొడితే కొట్టు, జన్మంతా మాట్లాడకపోతే మానెయ్. అయిదుగురు బతికి ఉంటారు, నువ్వు బతికి ఉంటావు, నాతో మాట్లాడని జుబేర్ సనత్‌నగర్‌లో ఎక్కడో ఉంటాడు. అది చాలనుకునే ఎక్కాను.

ఫౌజియాకు ఈ సాయంత్రమే మొత్తం చెప్పాను, దాచకుండా. కొట్టలేదు. కొడితే బాగుండేది. బ్యాగు సర్దుకుని, "మా ఇంటికి రాకుండ్రి అన్నా" అని పోయింది. ఇంటికి పోయాక ఆమె చేతి అన్నం తిను. ఆ పిల్లకు ఈ కథతో ఏ సంబంధమూ లేదు.

నా పేరు బ్యాచీలోంచి తీయించుకున్నాను. అవును, ఇప్పటిదాకా ఉంది. నా ఫారంలోని రెండు ట్రెక్కుల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు. ఈ రోజు చెప్పాను. ఈ ఉత్తరంలో చివరి పేరా ఉంది చూడు, దాన్ని ముందుగా వేరే కాగితం మీద రాసి, సంతకం పెట్టి, నువ్వు చదవకముందే చంద్రిక మేడానికి ఇచ్చి వస్తున్నాను. చదివి ఆమె కాగితాన్ని ఫైల్లో పెట్టింది. కుర్చీ చూపించలేదు. తక్కిన ట్రెక్కింగ్ వాళ్లకు పంపిన జాబితాలోంచి నీ పేరు కొట్టేయించి, ఆ చోట నాది రాయించే బాధ్యత తనదని చెప్పింది. అక్టోబరులో మొదటిసారి ఎక్కేవాళ్ల కోసం చిన్న ట్రెక్కు ఒకటి ఉందట, ముందు అనుభవం అక్కర్లేదట. నీ కోసం ఒక ఫారం ఇచ్చింది. ఈ కవరులోనే పెట్టాను. ఒక్క అక్షరం కూడా నేను ముట్టుకోలేదు. నువ్వు నింపుతావో, చింపుతావో నీ ఇష్టం.

ఇక నేను చేసింది. నిన్ను పట్టించడం కాదు, దానికి నా దగ్గర జవాబుంది. దీనికి లేదు. ఆ శనివారం నేను చెప్పేసి వెనక్కి తిరుగుతుంటే, చంద్రిక మేడం కంప్యూటరులో నీ ఫారం తెరిచింది. దాని కిందే నాది. ఇద్దరివీ ఒకేలా ఉన్నాయి, అవే మాటలు, అదే వరస, ఇంకొక్క నిమిషం చూస్తే ఆమెకే తెలిసిపోయేది. తల ఎత్తి, "ఇంత నమ్మించేలా ఎవరు రాసిచ్చారండీ ఇతనికి?" అని అడిగింది. "నేను" అన్న మాట వచ్చి నాలుక చివర నిలబడింది జుబేర్, నిజంగా నిలబడింది. నా ఉద్యోగం గుర్తొచ్చింది, ఇన్‌స్టిట్యూట్ బోర్డు గుర్తొచ్చింది, బ్యాచీలో నా సీటు గుర్తొచ్చింది. నువ్వు గుర్తు రాలేదు. నేను ఆమె కళ్లలోకి చూసి, ఇంటర్వ్యూలో ఎలా చెప్పాలో పిల్లలకు నేర్పినట్టే, తడబడకుండా, "వాడే రాసుకున్నాడు మేడం" అన్నాను.

అభిలాష్